కుడివైపు గోడలు

పొరపాటు చీటీలో ఉండాలి గాని గుండెలో ఉండదు అనుకుంటూ ఆమె స్లైడును మైక్రోస్కోపు కిందనుంచి తీసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. చీటీ మీద ‘కుడి’ అనే ఉంది. మళ్ళీ పెట్టి మళ్ళీ కళ్ళు ఆనించింది. గులాబిరంగు కండరం, దాని మధ్య ఒక చిన్న రక్తనాళం, నాళం చుట్టూ గోడ. ఆ గోడ మందం చూస్తే అది గుండె ఎడమ కింది గదిలోదే, ఎడమ జఠరికలోదే. అందులో ఆమెకు అనుమానం లేదు. చీకట్లో సొంతింటి స్విచ్చు మీదికి చెయ్యి దానంతటదే పోయినట్టు, ఏ గుండె ముక్క చూపించినా ఇది కుడివైపుది, ఇది ఎడమవైపుది అని ఆమె కళ్ళు చెప్పేస్తాయి. అలా చెప్పడం నేర్పిన మనిషి గుండె ఇది. ఇంత కాలానికి ఆ కళ్ళు తడబడితే ఆయన గుండె దగ్గరే తడబడాలా? తలుపవతల వరండాలో బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది. చెప్పిన వేళకన్నా ముందే వచ్చేసింది. టీ వద్దంది, లోపల ఫ్యాను కింద కూర్చోమంటే వద్దంది. వీపు వెనక్కి ఆనించకుండా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో విజిల్ వేస్తే లేచి నిలబడేలా కూర్చుంది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పిన డ్రిల్లు టీచరు. ఉద్యోగం మానినా ఆ కూర్చోవడం మానలేదు.

చీటీలు తారుమారై ఉంటాయి, ఇంకేం లేదు. ఆమె లేచి పక్కగది తలుపు తోసింది. టెక్నీషియన్ మైనం దిమ్మలోంచి పొరలు కోస్తున్నాడు, ఉల్లిపొరకన్నా పలచగా, ఊపిరి బిగబట్టి. "మాస్టారి స్లైడ్లు కుడీ ఎడమా మారాయేమో చూస్తావా?" అంది. అతను తల ఎత్తలేదు, పొర తెగిపోతుందని. నీళ్ళ మీద పొర తేలాక అప్పుడు అన్నాడు, "మారలేదు మేడమ్. ఆయనవని రెండోసారి కూడా చూసుకున్నాను. కావాలంటే మళ్ళీ కోస్తాను." వద్దులే అంది. మళ్ళీ కోస్తే మళ్ళీ రెండు రోజులు. బెంచీ మీద ఆవిడకు రెండు రోజులు ఆగండి అని ఏ ముఖంతో చెప్పడం? ఇప్పటికే వారం నుంచి ఫోను మోగితే చాలు గుండె గుభేలుమంటోంది, ఆవిడేమోనని. గుండె గుభేలుమనడం. ఎంత తేలిగ్గా అనేస్తాం ఈ మాట! గుండె జారిపోయింది, గుండె చెరువైంది, గుండె రాయి చేసుకున్నాను. ఎన్ని గుండెలు కోసి చూసింది, ఒక్కదాంట్లోనూ చెరువు లేదు, రాయి మాత్రం అప్పుడప్పుడు ఉంటుంది, నాళం గోడలో సున్నం పేరుకుని, కత్తికి కరకరలాడుతూ. మాస్టారి గుండెను మాత్రం తను కొయ్యలేదు. కొయ్యలేకపోయింది. తను పోయాక గుండె తీయించి శిష్యురాలికే ఇమ్మని భార్యకు చెప్పి మరీ పోయిన మనిషి గుండెను బేసిన్‌లో చూసేసరికి చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. "నువ్వు కొయ్యి, స్లైడ్లు నేను చూస్తాను" అని జూనియర్ డాక్టరుకు అప్పగించి, పనేదో ఉన్నట్టు కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ అమ్మాయి కోస్తూ కోస్తూ "కుడివైపు కాస్త లావుగా ఉంది మేడమ్" అన్నట్టే గుర్తు. తను విననట్టు ఊరుకుంది. ఎందుకు ఊరుకుంది? గుండె బరువు, కొలతలు, అవన్నీ తర్వాత చూసుకోవచ్చులే అనుకుంది. ఎవరి గురించైనా తర్వాత చూసుకోవచ్చులే అనుకోవడం అంత సులువు.

మూలనున్న బీరువా కింది అరలో మూత బిగించిన డబ్బా. మూత తియ్యగానే ఫార్మలిన్ వాసన కళ్ళలోకి కొట్టింది. కళ్ళు మండాయి, నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళకు ఫార్మలిన్ అనే పేరుండడం మంచిదే అయింది. చేతి తొడుగులు వేసుకుని గుండెను రెండు చేతుల్లోకి తీసుకుంది. బరువు. ఇంత బరువెందుకుంది? కోత చోట విప్పి చూసింది. ఎడమ జఠరిక గోడ ఉండాల్సినంత మందంగానే ఉంది. కుడి జఠరిక గోడ పలచగా, అట్టముక్కలా వంగాలి. వంగలేదు. అది ఎడమ గోడకు కవలలా బిర్రుగా నిలబడింది. ఆమె వేలు ఆ గోడ మీద పెట్టి ఉంచింది. చీటీలు మారలేదు. ఎవరూ పొరపాటు చెయ్యలేదు. పొరపాటు చెయ్యని చోట ఇక మిగిలేది నిజమే గనక ఆమె గుండెను మళ్ళీ డబ్బాలో పెట్టి, మూత బిగించి, తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని, కడిగిన చేతులనే మళ్ళీ కడుక్కుని వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

"పిడికిలి బిగించండి" అనేవారు మాస్టారు, కొత్తగా చేరినవాళ్ళు బెంచీల మీద సర్దుకునే లోపలే. "ఇంకా గట్టిగా. ఇప్పుడు గోళ్ళు చూసుకోండి, తెల్లబడ్డాయా? ఎడమ జఠరిక చేసేది ఇదే. ఒళ్ళంతటికీ నెత్తురు నెట్టాలని బిగుసుకుంటుంది, బిగుసుకునేసరికి తన కండలోంచి పోయే నాళాలనే నొక్కేసుకుంటుంది. మళ్ళీ వదులైనప్పుడే దానికి తిండి. బంతి బంతికీ వడ్డించి అందరూ లేచాక తను కూర్చునే మనిషి లాంటిది. మరి కుడిది? దానికేం, దొరసాని. పక్కనే ఊపిరితిత్తులు, గోడ మీంచి గిన్నె అందించినట్టు అందిస్తే సరి. బిగుసుకోవాల్సిన పనిలేదు, దాని నాళాలకు ఎప్పుడూ నెత్తురు పారుతూనే ఉంటుంది." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం పిడికిలి విప్పడం మరిచిపోయి గోళ్ళే చూస్తూ ఉండిపోయింది, అందుకే ఆయన కంట్లో పడింది. తర్వాత ఆయన దగ్గరే పరిశోధనకు చేరింది. రెండు జఠరికల్లోని నాళాల గోడలు ఎంత తేడాగా ఉంటాయో పై పొర నుంచి లోపలి పొర దాకా కొలవడం. ఎన్ని సాయంత్రాలో. ఒకసారి విసిగిపోయి, "ఈ గోడలు ఎందుకిలా లావెక్కుతాయి సార్, పొగరా?" అని అడిగితే ఆయన పెద్దగా నవ్వాడు. "పొగరు కాదమ్మా, బరువు. మూటలు మోసేవాడి భుజం చూడు, కాయలు కాసి ఉంటుంది. వాడు నోరు విప్పి చెప్పక్కర్లేదు, భుజం చెబుతుంది ఎన్నాళ్ళు మోశాడో." అప్పుడు ఆయన గొంతులో తడబాటు లేదు, ఒక్క ఊపిరిలో అంత వాక్యం చెప్పేవాడు.

ఒక్క ఊపిరిలో. ఆమె మైక్రోస్కోపు మీదనుంచి కళ్ళు తీసింది. ఆ తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు ఆయనకు పెట్టిన పేరు కామా మాస్టారు. ఎందుకంటే ఆయన మాట మధ్యలో ఆగేవాడు. ‘గుండె,’ అని ఆగేవాడు, ‘ఒక కండరం,’ అని ఆగేవాడు, ‘అంతే,’ అనేవాడు. ఆ ఆగడంలో గదంతా నిశ్శబ్దమైపోయేది. ఎంత గొప్పగా ఆగుతాడో అనుకునేవాళ్ళు, నాటకాల్లో నటుడిలా ఎక్కడ ఆగాలో తెలిసినవాడు అనుకునేవాళ్ళు, ఆమె కూడా అనుకుంది, తను పాఠం చెప్పేటప్పుడు అలా ఆగడం అలవాటు చేసుకుంది కూడా. ఆయన రిటైరైన రోజున ఒక కుర్రాడు స్టేజీ ఎక్కి ఆయన్ను అనుకరించాడు, రెండు మాటలకో కామా పెడుతూ. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ముందు వరసలో మాస్టారూ నవ్వాడు, నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కుర్చీ చేతులు పట్టుకుని కిందికి వంగి, చాలాసేపటికి తల ఎత్తాడు. ఎంత నవ్వాడో చూడు పాపం, కళ్ళలో నీళ్ళొచ్చేశాయి అనుకున్నారు అందరూ. కామాలు కావవి. మాటకు మాటకు మధ్య ఆ మనిషి ఊపిరి అందుకునేవాడు. గది నిండా డాక్టర్లు, కాబోయే డాక్టర్లు, పక్కనే ఆమె. ఒక్కళ్ళూ ఆయన చీలమండలు చూడలేదు. బూట్లు మానేసి ఎప్పుడూ వదులు చెప్పులు వేసుకొస్తుంటే, రిటైరయ్యే మనిషికి ఇంక బూట్లెందుకులే అనుకున్నారు. పాదాలు వాచి ఉంటాయి. వాచే ఉంటాయి. ఊపిరితిత్తుల్లోని నాళాలు ఏ కారణానో ఏళ్ళ తరబడి మూసుకుపోతూ వచ్చి ఉంటాయి, కాలి సిరల్లోంచి చిన్న చిన్న నెత్తుటి గడ్డలు ఎగసివెళ్ళి చేరాయో, మరేదో, ఊపిరితిత్తులు చేతిలో లేవు గనక అది ఎప్పటికీ తెలియదు. కానీ గోడ మీంచి గిన్నె అందించాల్సిన కుడి జఠరికకు అవతల ఎవరో తలుపు మూసి గడియ పెట్టినట్టయింది. అది తోసింది, తోస్తూనే ఉంది, తోసీ తోసీ ఎడమదానిలా కండ పెంచింది, దాని నాళాలు ఆ ఒత్తిడికి ఎడమవాటిలా గోడలు కట్టుకున్నాయి, ఇదిగో, కటకం కింద, గులాబిరంగులో, మెత్తగా, అందంగా కూడా ఉన్నాయి, ఏం చెప్పాలి.

ఈ గది ఉన్నది మూడో అంతస్తులో! ఈ ల్యాబు తన చేతికొచ్చినప్పుడు మొట్టమొదట ఆయనకే ఫోను చేసింది, ఒకసారి వచ్చి చూడండి సార్, మీ మైక్రోస్కోపు కిటికీ పక్కనే పెట్టించాను అని. వస్తాలేమ్మా అన్నాడు. రాలేదు. మళ్ళీ పిలిచింది. "రానులేమ్మా. ఇప్పుడు నా అవసరం, ఏముంది అక్కడ" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఆయన లెక్కల్లో ఒక చోట తను వేరే మాట రాసింది, పై పొరలో తేడా ఆయన అన్నంత లేదని, ఆ వ్యాసం అచ్చయ్యాకే ఇదంతా, అదే మనసులో పెట్టుకున్నాడు అనుకుంది. ఎంత పెద్దవాడైనా శిష్యురాలు దిద్దితే ఓర్చుకోలేడు అని భర్తతో అంది కూడా. భర్త, జలుబు చేస్తే వీధి వీధంతా తెలిసేట్టు తుమ్మే మనిషి, "మెట్లెక్కలేకపోతున్నాడేమోనే" అన్నాడు అన్నం తింటూ. నీకేం తెలుసు ఊరుకోమంది. సామాన్లకో లిఫ్టు ఉంది గాని అది నడిచిన రోజు నడిచినట్టు. ఆయనకు కబురు పెట్టి కింద గదిలో కూర్చోపెట్టి మైక్రోస్కోపే కిందికి దింపించుకుంటే సరిపోయేది. అంతమాత్రం పని. దాన్ని చెయ్యకుండా తను అలిగింది. అలిగి ఫోను మానేసింది, పండగకో పబ్బానికో ఒక పలకరింపు, ఆయన అటునుంచి ‘బాగున్నావా’ అని ఆగితే ఆ ఆగడాన్ని కూడా కోపం కింద జమకట్టుకుంది.

అవతల బెంచీ కిర్రుమంది. ఆవిడ సర్దుకుని కూర్చున్నట్టుంది, లేచినట్టు లేదు. గుండెను అప్పగించిన రోజున ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చుని ఆవిడ అన్న మాటలు వారం నుంచి ఆమె చెవుల్లో తిరుగుతున్నాయి. "ఆయన నన్నొదిలి కింది గదిలో ఎందుకు పడుకున్నాడో నీ గాజు పలకల్లో కనిపించదు, నాకు తెలుసు. అంత వెర్రిదాన్ని కాదు. ఏం జబ్బుతో పోయాడో చెప్పు చాలు." పడకగది మేడ మీద. పెళ్ళయిన నాటినుంచి అదే గది. ఒకరోజు ఆయన దిండు, దుప్పటి పట్టుకుని కిందికి దిగి, ముందుగదిలో వాలుకుర్చీ వేసుకున్నాడట. చదువుకుంటాను, లైటు వేస్తే నీకు నిద్ర పట్టదు అన్నాడట. చదివింది లేదు పెట్టింది లేదు, కుర్చీలో వెనక్కి వాలి అలాగే నిద్రపోయేవాడట. "మొదట్లో బతిమాలాను. తర్వాత పోట్లాడాను. తర్వాత నోరు మూసుకున్నాను. తిన్నారా అంటే ఆ, పడుకుంటారా అంటే ఊ. ముసలితనంలో మొగుడు విసుగెత్తిపోయాడని ఎవరికి చెప్పుకోను? నవ్వుతారు." చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు పిల్లలకు ఆట నియమాలు చెబుతున్నంత మామూలుగా ఉంది. చివర్లో మాత్రం చెప్పుల పట్టీ సరిచేసుకోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉంది.

కనిపించదనుకున్నది కనిపిస్తోంది. ఇదిగో ఈ గోడ. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. విసుగెత్తిన మొగుడు కాదు, ఊపిరందని మనిషి. ఎంత సులువుగా చెప్పేయొచ్చు! కానీ చెబితే ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఆవిడ ఒక కఠినమైన మనిషితో కాపురం చేశాననుకుంది. ఇప్పుడు ఊపిరాడని మనిషితో పోట్లాడానని తెలుస్తుంది. రెంట్లో ఏది బరువు? కోపం ఉంటే మనిషి నిలబడుతుంది, బెంచీ మీద వీపు ఆనించకుండా కూర్చోగలుగుతుంది. ఆ కోపం తీసేస్తే ఏం ఆసరా? ‘నిద్రలోనే పోయారండీ, గుండె ఆగిపోయింది, బాధ పడలేదు’ అనొచ్చు. అదేం అబద్ధం కాదు. మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వాలిన మనిషి లేవలేదు, అంతే కదా. ఈ మాటే చెప్పి భుజం మీద చెయ్యేసి ఆటో దాకా దింపి రావొచ్చు. ఇంతకీ ఆయనకు తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది, గుండెలు చూడడమే పనిగా బతికినవాడికి. గ్యాసు మాత్రలంటూ రోజూ మింగేవాడని ఆవిడ చెప్పినవి అసలు ఏ మాత్రలో. తెలిసే దాచాడు. దాచినవాడు దాచినట్టు పోక, గుండెను మాత్రం ఆ అమ్మాయే చూడాలి అని భార్యకు ఎందుకు చెప్పాడు? ఇంకెవరైనా చూస్తే గుండెపోటని రాసి ఊరుకుంటారు. నాళం గోడ దగ్గర ఆగేది తను ఒక్కతే. అది ఆయనకు తెలుసు. అంటే, అంటే ఏమిటి సార్, మీరు బతికుండగా చెప్పలేకపోయిన మాట నా చేత చెప్పిస్తున్నారా? మీ ఆవిడ ముఖం చూడాల్సిన ఆ ఒక్క నిమిషం తప్పించుకుని నన్ను ముందుకు తోశారా? ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కోపం. ఆ వెంటనే, ఆయన దింపుకున్న దిండూ దుప్పటీ కళ్ళముందు కదిలాయి. రెండూ చంకలో పెట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగుతున్న మనిషి. పైన మంచం మీద ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఆ అడుగుల చప్పుడు వింటూ ఉంటుంది. ఎందుకంత నెమ్మదిగా దిగుతున్నాడు అనుకుని ఉంటుంది. తను వెనక్కి పిలుస్తుందని కాబోలు అనుకుని ఉంటుంది.

ఏ మాట చెప్పాలో ఇంకా తేలకుండానే తలుపు తీసింది. ఆవిడ లేచి నిలబడింది.

"రండి పిన్నిగారూ."

లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మైక్రోస్కోపు వైపు ఓసారి చూసి చూపు తిప్పుకుంది. "చెప్పు తల్లీ. గుండెపోటేనా?"

"నిద్రలోనే పోయారు పిన్నిగారూ. పెద్దగా బాధ..." అని ఆమె మొదలుపెట్టింది.

"అది నాకూ తెలుసు, పక్కగదిలో నేనే ఉన్నాను" అంది ఆవిడ. "ఒకటి అడుగుతాను, నవ్వకు. ఆయనకి గుండె బాగానే ఉందా? నీకసలు గుండె ఉందా మనిషీ అని ఒకరోజు మొహం మీదే అడిగాను. కిందికి దిగి పడుకున్న కొత్తలో. ఏం మాట్లాడకుండా పేపరు తిప్పుకున్నాడు. ఇప్పుడా మాట తెగ గుర్తొస్తోంది."

అప్పుడిక ఆ దాచిపెట్టే వాక్యం ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఎవరో ఒకరు దాచడం ఆపాలి. "ఉంది పిన్నిగారూ" అంది. "ఉండాల్సినదానికన్నా పెద్దగానే ఉంది." మొదలుపెట్టాక ఆపలేదు. కుడివైపు గోడ ఎంత పలచగా ఉండాలో, ఆయనది ఎంత లావుగా ఉందో, ఊపిరితిత్తుల్లోకి నెత్తురు తోయడానికి అది ఎంత కష్టపడి ఉంటుందో, ఆ జబ్బున్నవాళ్ళు మెట్లెక్కలేరని, వెల్లకిలా పడుకోలేరని, కూర్చునే నిద్రపోతారని. తన గొంతు తనకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది. చెబుతూ మధ్యలో ఆగింది, ఎందుకాగిందో గుర్తొచ్చి సిగ్గుపడింది, గబగబా మిగతాది చెప్పేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆవిడ.

"గోడ చూసి సంవత్సరం చెప్పలేం. కానీ నెలల్లో వచ్చేది కాదు. చాలా ఏళ్ళది."

"కిందికి దిగక ముందు నుంచేనా?"

"అంతకుముందే మొదలై ఉండాలి."

"పార్కుకి తీసుకెళ్ళేదాన్ని సాయంత్రాలు" అంది ఆవిడ, ఆమెతో అన్నట్టు కాదు. "నాకు నెమ్మదిగా నడవడం చేతకాదు. నాలుగడుగులు వెనకే ఉండేవాడు ఎప్పుడూ. నాతో కలిసి నడవడం నామోషీ అనుకున్నాను. కాళ్ళీడుస్తారేంటి అని చెయ్యి పట్టి లాగాను కూడా. అందరి ముందూ. నవ్వాడు." ఆ తర్వాత ఉన్నట్టుండి తలెత్తి సూటిగా చూసింది. "నీకు తెలుసా? నీకు చెప్పాడా?"

"లేదు. నాకూ ఇవాళే తెలిసింది. ఇందాకే."

"నీకూ చెప్పలేదా." ఆ మాటలో ఒక పక్క నిట్టూర్పు, ఒక పక్క తేలికపడినట్టు. అది ఆవిడకే వినపడిందేమో, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఈ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో నువ్వు" అంది. ఇక లేచి వెళ్ళిపోతుందని ఆమె అనుకుంది. ఆవిడ వెళ్ళలేదు. కుర్చీని రెండు చేతులతో ముందుకు జరుపుకుంది. "చూపించు" అంది.

మొదట ఆవిడకు ఏమీ కనిపించలేదు. "నల్లగా ఏవో వెంట్రుకలు" అంది. "అవి మీ కనురెప్పలే పిన్నిగారూ, కొంచెం వెనక్కి జరగండి." జరిగింది. ఆమె పక్కన నిలబడి స్లైడును వేలితో కొద్దికొద్దిగా జరిపింది. అదుగో, గులాబిరంగు పొలంలా ఉన్నదంతా కండరం. మధ్యలో తెల్లగా సొరంగంలా ఉన్నదే నాళం. దాని చుట్టూ వలయం, అదే గోడ. "ఇదా?" అంది ఆవిడ. "ఇంత చిన్నదా?" అని, "మామూలుగా ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆమె పాత పెట్టెలోంచి మరెవరిదో, పేరు తెలియని ఎవరిదో గుండె స్లైడు తీసి చూపించింది. పలచని గోడ, గీసీ గీయనట్టు. మళ్ళీ మాస్టారిది పెట్టింది. ఆవిడ ఊపిరి కూడా వినపడనంతగా చూసింది. వీపు వంగింది, ఇన్నేళ్ళలో ఆవిడ వీపు అలా వంగగా ఆమె చూడలేదు. కిటికీలోంచి కింద ఎక్కడో బండి వెనక్కి వస్తున్న చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేక, ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

"చెప్పి చావొచ్చుగా" అంది ఆవిడ కటకంలోకి.

అన్నాక అన్న మాట ఏమిటో తెలిసింది. చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయింది గాని ఆవిడ కళ్ళు తియ్యకుండానే భుజం తప్పించింది. కోపంగా కాదు, పనిలో ఉన్నవాళ్ళు తప్పించుకున్నట్టు. "నువ్వు కాసేపు బయట కూర్చో తల్లీ. ఆయన్ని కొన్ని అడగాలి నేను."

ఆమె వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపలినుంచి ముందు గొణుగుడులా వినిపించింది, తర్వాత మాటలయ్యాయి, తర్వాత ఒక్కొక్క ప్రశ్నా మైదానం ఈ చివరనుంచి ఆ చివరకు అడిగినంత పెద్దగా. ఎవర్ని చూసి భయపడ్డారు? నేనేమైనా పరాయిదాన్నా? ఆ కుర్చీలో అలా ఎన్ని రాత్రులు? పక్కగదిలోంచి టెక్నీషియన్ స్లైడ్ల పళ్ళెం పట్టుకుని వచ్చి తలుపు ముందు ఆగిపోయాడు. "లోపల ఎవరు మేడమ్?" అన్నాడు. వెళ్ళకు అన్నట్టు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అతను తలూపి వెనక్కి తిరిగాడు. లోపల గొంతు ఒకచోట విరిగింది, మళ్ళీ అందుకుంది. అది ఇప్పట్లో అయ్యేలా లేదు. కానీ, ఎంతసేపైనా కానీ. ఆవిడవి అయ్యాక ఆయన్ని ఆమె అడగాల్సినవీ ఉన్నాయి. ఆమె బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూడసాగింది.